హ్యాండిక్యాప్ పందేలకు ఏ డింగీ కొనాలి?

బ్రిటన్‌లో కంకర తవ్వి వదిలేసిన గుంతలు నిండి చెరువులైన చోట, లండన్ చుట్టూ ఉన్న తాగునీటి జలాశయాల మీద, నదుల మలుపుల్లో, సముద్రపు కయ్యల్లో వందలాది చిన్న సెయిలింగ్ క్లబ్బులు నడుస్తున్నాయి. ఆదివారం ఉదయం వీటిలో ఏదో ఒకదానికి వెళ్లి చూస్తే, పందేనికి దిగిన పన్నెండు డింగీల్లో, అంటే చిన్న తెరచాప పడవల్లో, ఏడెనిమిది రకాలు కనిపిస్తాయి. డెబ్బై ఏళ్ల పెద్దాయన సోలోలో ఉంటాడు, ఆయన పక్కన కళాశాల కుర్రవాడు లేజర్‌లో ఉంటాడు, భార్యాభర్తలు జీపీ 14లో, పన్నెండేళ్ల పిల్ల టాపర్‌లో ఉంటారు. వీరందరినీ ఒకే పందెంలో నిలిపి గెలుపెవరిదో తేల్చడానికి ఏర్పరచుకున్న లెక్కనే హ్యాండిక్యాప్ అంటారు. నేను అలాంటి ఒక చెరువు క్లబ్బులో తొమ్మిదేళ్లుగా పందేలలో పాల్గొంటున్నాను, వంతు వచ్చిన రోజున ఒడ్డున గడియారం పట్టుకుని ఫలితాల పట్టిక కూడా వేస్తుంటాను. ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి, కొత్తగా క్లబ్బులో చేరిన తెలుగువారు నన్ను మొదట అడిగేది ‘ఏ పడవకు నంబరు బాగుంది?’ అనే. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు ఉండదు, ఎందుకంటే ఒకే నంబరు ఒక చెరువు మీద వరంగా, మరొక చెరువు మీద శాపంగా పనిచేస్తుంది.

ముందుగా లెక్క చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది సంవత్సరాలకు పోర్ట్స్‌మత్ పక్కనున్న లాంగ్‌స్టోన్ హార్బర్‌లో పుట్టిన ఈ పద్ధతిని పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అంటారు. బ్రిటన్ సెయిలింగ్ సంఘమైన రాయల్ యాటింగ్ అసోసియేషన్ దీనిని చేపట్టి, క్లబ్బులు పంపే ఫలితాలను బట్టి ఏటా అంకెలను సవరిస్తూ జాబితా ప్రకటిస్తుంది. ప్రతి రకం పడవకూ ఒక నంబరు ఉంటుంది, నంబరు ఎంత పెద్దదైతే పడవ అంత నెమ్మది. పందెం ముగించడానికి పట్టిన సమయాన్ని వెయ్యితో హెచ్చించి, పడవ నంబరుతో భాగిస్తే సవరించిన సమయం వస్తుంది, అది ఎవరికి తక్కువో వారు గెలిచినట్టు. సోలో నంబరు 1140, ఇల్కా 7 (లేజర్‌కు ఇప్పటి పేరు) నంబరు 1100 అనుకుంటే, సోలో సరిగ్గా గంటలో ముగించిన పందేన్ని ఇల్కా 7 సుమారు 57 నిమిషాల 54 సెకన్లలో ముగించాలి, మెర్లిన్ రాకెట్ 980 మీద 51 నిమిషాల 35 సెకన్లలో ముగించాలి, టాపర్ 1365 మీద దాదాపు 71 నిమిషాల 50 సెకన్ల వరకూ తీసుకోవచ్చు. నేను ఇక్కడ ఇస్తున్న అంకెలు ఈ మధ్య జాబితాలకు దగ్గరవే గానీ ఏటా రెండు మూడు పాయింట్లు అటూ ఇటూ జరుగుతుంటాయి. పైగా తమ నీళ్లకు తగ్గట్టు అంకెలను సవరించుకోవాలని అసోసియేషనే క్లబ్బులకు చెబుతుంది కనుక, మీ క్లబ్బు గోడకు అంటించిన జాబితానే మీకు ప్రమాణం. 1100 మీద పదకొండు పాయింట్లంటే ఒక శాతం, అంటే గంట పందెంలో 36 సెకన్లు. పందెం దారికి గుర్తుగా తేలే బోయా దగ్గర ఒక్కసారి బోల్తా పడితే పోయే సమయం అంతకంటే ఎక్కువ. రెండు పాయింట్ల తేడా చూసి పడవ కొనేవారిని చూస్తే నాకు జాలి కలుగుతుంది.

అన్ని గాలుల్లోనూ అన్ని రకాల నీళ్ల మీదా వచ్చిన ఫలితాల సగటు ఆ నంబరు, మీరు పందెం వేసేదేమో ఏదో ఒక గాలిలో, ఒకానొక నీటి మీద. గాలి బొత్తిగా లేనప్పుడు పడవలన్నీ ఇంచుమించు ఒకే వేగంతో పాకుతాయి. మెర్లిన్ రాకెట్ సోలో కంటే పద్నాలుగు శాతం తక్కువ సమయంలో ముగించాలని కాగితం చెబుతుంది గానీ, సిగరెట్ పొగ కూడా నిలువుగా లేచే ఉదయాన ఆ పద్నాలుగు శాతం ఎక్కడినుంచి వస్తుంది? అప్పుడు నెమ్మది పడవలదే రాజ్యం. గాలి పదిహేను నాట్లు (ఒక నాటు గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు) దాటి, గాలి వచ్చే వైపున్న ఎదురు బోయా నుంచి గాలి పోయే వైపున్న కింది బోయాకు పొడవైన దారి ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. తేలికైన పడవ నీటిని చీల్చుకుంటూ పోవడం మాని, తన ముందు లేచే అలనే ఎక్కి నీటి మీద పరుగెత్తుతుంది, దానినే ప్లేనింగ్ అంటారు. బరువైన పాతకాలపు పడవ ఆ అలను ఎక్కలేక దాని వెనుకే ఈడ్చుకుపోతుంది. అప్పుడు వేగాల మధ్య తేడా కాగితం మీది తేడాను మించిపోతుంది.

పోయిన ఫిబ్రవరిలో మా చెరువు మీద జరిగిన ఒక పందెం ఫలితాలు నా నోటుపుస్తకంలో ఉన్నాయి. గాలి ఐదారు నాట్లు, అది కూడా ఒడ్డున ఉన్న విల్లో చెట్ల చాటున పడి తునకలు తునకలుగా వస్తోంది. ఎదురుగాలి దారి మూడు వందల మీటర్లకు మించదు, అందులోనే తొమ్మిది పది ట్యాకులు, అంటే పడవ ముక్కును గాలికి అడ్డంగా ఇటునుంచి అటు తిప్పే మలుపులు. సోలో 46 నిమిషాల 20 సెకన్లలో ముగించింది. ఆర్ఎస్ ఏరో 7 దానికంటే రెండు నిమిషాలకు పైగా ముందు, 44 నిమిషాల 5 సెకన్లకు గీత దాటింది. ఆర్ఎస్ 200 అందరికంటే ముందు, 43 నిమిషాల 50 సెకన్లకు వచ్చింది. మా క్లబ్బు వాడే 1140, 1063, 1046 అంకెలతో లెక్క కడితే సోలోకు 40 నిమిషాల 39 సెకన్లు, ఏరోకు 41 నిమిషాల 28 సెకన్లు, ఆర్ఎస్ 200కు 41 నిమిషాల 54 సెకన్లు వచ్చాయి. అందరికంటే ముందు గీత దాటిన పడవ ముగ్గురిలో చివరిదైంది. సోలో నడిపిన పెద్దమనిషి ప్రతి ట్యాకులోనూ పడవను తన వైపు వంచి, తెరచాప ఒక్కసారి రెక్కలా కొట్టుకుని నిండగానే అవతలి అంచున కూర్చునేవాడు, పడవ వేగం తగ్గినట్టే కనిపించేది కాదు. ఏరో పెంకు, అంటే చాప, కొయ్య లేని ఒట్టి పడవ, బరువు ముప్పై కిలోలే కావడంతో గాలి విసురు తగలగానే ఎగిరి దూకుతుంది గానీ, మలుపులో గాలి చాలకపోతే అంతే తొందరగా నిలిచిపోతుంది. బరువు తక్కువ కనుక ఊపు నిలవదు.

ఆటుపోట్లు ఉన్న కయ్యలో క్లబ్బు ఉంటే ఇంకొక లోపాన్ని గుర్తుంచుకోవాలి. ఈ లెక్క సమయాన్ని మాత్రమే భాగిస్తుంది, నీటి ప్రవాహాన్ని ఎరుగదు. పోటుకు ఎదురుగా పోవలసి వచ్చినప్పుడు ఒక నాటు ప్రవాహం వేగమైన పడవ నడకలో చిన్న భాగాన్ని, నెమ్మది పడవ నడకలో పెద్ద భాగాన్ని మింగేస్తుంది. అలాగే పందెం నడుమ గాలి పడిపోతే, అప్పటికే గీత దాటిన వేగమైన పడవలు ఒడ్డున టీ తాగుతుండగా నెమ్మది పడవలు నీటి మీదే మిగులుతాయి. గాలి పెరిగితే దీనికి తలకిందులు. కొన్ని క్లబ్బులు అందరినీ ఒకే సమయానికి ఆపి, చుట్టుకు పట్టిన సగటు సమయాన్ని లెక్కలోకి తీసుకుని ఈ బాధను కొంత తగ్గిస్తాయి.

ఇక పడవల సంగతికి వస్తాను. ఒక్కరే నడిపేవాటిలో చెరువు క్లబ్బులకు నా మొదటి సలహా సోలో. జాక్ హోల్ట్ 1956లో గీసిన ఈ పడవ పొడవు 3.78 మీటర్లు, పెంకు బరువు 70 కిలోలు, చాప 8.36 చదరపు మీటర్లు. 4.23 మీటర్ల ఇల్కా 7 చాప 7.06 చదరపు మీటర్లే అని గమనిస్తే, నెమ్మదైనదిగా పేరుపడ్డ సోలో చిన్న గాలిలో లేజర్ పక్కనే ఎందుకు పోగలదో అర్థమవుతుంది. చాపకు అడ్డంగా పూర్తి పొడవు బద్దలు, అంటే సన్నని గట్టి పట్టీలు, ఉండడం వల్ల గాలి తునకలుగా వచ్చినా ఆకారం చెడదు. తెరచాప కొయ్య ఎంత వంగాలో, చాప కోత ఎలా ఉండాలో ఎవరి బరువుకు తగ్గట్టు వారు ఎంచుకునే వీలుంది కనుక 65 కిలోల మనిషీ 90 కిలోల మనిషీ ఒకే పందెంలో సమానంగా నిలవగలరు. పెద్ద జలాశయం మీద ఇరవై నాట్ల గాలిలో మాత్రం సోలో తన నంబరుకు తగ్గట్టు పరుగెత్తలేదు, ఆ రోజున ఓర్చుకోవాలి.

ఇల్కాను ఇప్పటికీ అందరూ లేజర్ అనే పిలుస్తారు. బ్రూస్ కిర్బీ గీసిన ఈ పడవ ప్రపంచమంతటా దొరుకుతుంది, పాతవి చవకగా దొరుకుతాయి, విడిభాగాలకు కొరత లేదు. హుస్సేన్ సాగర్ మీద వానకాలపు పడమటి గాలికి జరిగే లేజర్ పోటీలను ట్యాంక్‌బండ్ మీదనుంచి చూసినవారికి ఇది పరిచయమే. 2023 ఆసియా క్రీడల్లో విష్ణు శరవణన్ కాంస్యం తెచ్చింది ఇల్కా 7లోనే. పెంకు ఒకటే, తెరచాప కొయ్యలో కింది ముక్కనూ చాపనూ మార్చుకుంటే ఇల్కా 7, 6, 4 అవుతుంది, నంబర్లు వరుసగా 1100, 1150, 1210 ప్రాంతాల్లో ఉంటాయి. ఇక్కడే కొత్తవారు తప్పు చేస్తారు, నేనూ చేశాను. నా బరువు 64 కిలోలు, చవకగా వచ్చిందని పెద్ద చాప ఉన్న లేజర్ కొన్నాను. ఆ చాపను నిలువుగా పట్టి ఉంచడానికి 80 కిలోలకు పైబడిన మనిషి కావాలి. పన్నెండు నాట్లు దాటితే చాలు, నేను పడవ అంచున వెనక్కి వాలి వేలాడుతూ చాపను వదులుతూ, సగం గాలిని నేలపాలు చేసేవాడిని. మరుసటి ఏడు కింది కొయ్య, 5.76 చదరపు మీటర్ల చాప కొని ఇల్కా 6గా మార్చుకున్నాక, నా ముగింపు సమయం పెద్దగా మారలేదు గానీ లెక్కలో యాభై పాయింట్లు నా వైపు వచ్చాయి. బరువుకు తగిన చాప ఎంచుకోవడం కంటే చవకైన వేగం హ్యాండిక్యాప్ పందెంలో మరొకటి లేదు.

ఇల్కాకు ఉన్న చిక్కు ఏమిటంటే, దాని అసలు విద్య గాలివాటుగా పోయేటప్పుడు అలల మీద పడవను ఇటూ అటూ కోస్తూ నడపడంలో ఉంది. సముద్రం మీద, పెద్ద జలాశయం మీద ఆ విద్య తెలిసినవారు నంబరును దాటి పోతారు. అలలే లేని చెరువు మీద ఆ విద్యకు పని ఉండదు, అందుకే ఒకే మనిషి ఒక చోట గెలిచి మరొక చోట నడిమి స్థానంలో తేలుతాడు. పాత పెంకులు నీరు పీల్చి మెత్తబడి ఉంటాయి, నంబరు మాత్రం పడవ మంచి స్థితిలో ఉందనే అనుకుంటుంది.

2014లో వచ్చిన ఆర్ఎస్ ఏరోకు 5, 6, 7, 9 అని నాలుగు చాపలు ఉన్నాయి, దీనిలోనూ బరువును బట్టి ఎంచుకోవచ్చు. పెద్ద నీళ్లు, నిలకడైన గాలి ఉన్న క్లబ్బులో ఉంటే, డబ్బుకు వెనుకాడకపోతే, నా ఓటు దీనికే. అదే సోలోనూ అదే ఏరోనూ జలాశయం మీద పద్దెనిమిది నాట్లలో చూసినప్పుడు ఏరో 39 నిమిషాల 30 సెకన్లకు, సోలో 43 నిమిషాల 30 సెకన్లకు ముగించాయి, సవరించాక ఏరో సరిగ్గా నిమిషం ముందుంది. ఇంకొక మేలు పందెం లెక్కకు అందదు. ర్యాంపు మీద పడవను ఒంటరిగా పైకి లాగవలసిన వారికి ముప్పై కిలోలకూ అరవై కిలోలకూ తేడా నడుముకు తెలుస్తుంది. స్ట్రీకర్, సూపర్‌నోవా, ఫాంటమ్ లాంటివి కూడా క్లబ్బు పందేలలో బాగా రాణించేవే. ఫాంటమ్ తొంభై కిలోలు దాటిన దిట్టమైన మనిషికి పనికొస్తుంది.

ఇద్దరు నడిపేవాటిలో భార్యాభర్తలకు, స్నేహితులకు చెరువు మీద ఎంటర్‌ప్రైజ్ గానీ జీపీ 14 గానీ తీసుకోమంటాను. రెండూ జాక్ హోల్ట్ గీసినవే. నీలిరంగు చాపల ఎంటర్‌ప్రైజ్ తేలిక, ఇరుకు నీళ్లలో చురుగ్గా తిరుగుతుంది. ఇది మనకు కొత్తదేమీ కాదు, 1982 ఆసియా క్రీడల సెయిలింగ్ ముంబైలో జరిగినప్పుడు ఎంటర్‌ప్రైజ్ ఒక విభాగం. అందులో పాకిస్తాన్‌కు చెందిన బైరామ్, గోష్పీ అవారీ దంపతులు స్వర్ణం గెలిచారు. ఫైర్‌బాల్ విభాగంలో మన ఫరోఖ్ తారాపూర్, జరీర్ కరాంజియా స్వర్ణం తెచ్చారు. జీపీ 14 పెంకు 130 కిలోలకు పైనే, కనుక ఊపు నిలుస్తుంది, మలుపులో ఆగదు, కానీ దానిని ట్రాలీ మీద ఎక్కించేటప్పుడు పక్కవారిని పిలవాలి. వేఫేరర్ ఇంకా పెద్దది, పిల్లలతో సహా కుటుంబాన్ని మోస్తుంది. పందెం గెలవాలన్న పట్టుదల కంటే వారాంతం గడపాలన్న కోరిక ఎక్కువైనవారికి అది సరిపోతుంది.

ఆర్ఎస్ 200, ఆర్ఎస్ 400 లాంటి పడవలకు ముక్కునుంచి పొడుచుకు వచ్చే కొయ్యకు కట్టిన, బుంగలా ఉబ్బే ముందుచాప ఉంటుంది. ఆ చాపతో పడవ గాలికి తిన్నగా కిందికి పోదు, ఏటవాలుగా ఇటూ అటూ మలుపులు తీసుకుంటూ వేగంగా పోవాలి. ఎదురు బోయా, కింది బోయా నిటారుగా దూరంగా ఉన్న విశాలమైన నీటి మీద ఇవి కళ్లకు పండుగ. మా లాంటి చెరువు మీద చాప ఎగరేసి నిండేలోపే అవతలి ఒడ్డు రెల్లు వచ్చేస్తుంది. ఫైర్‌బాల్, ట్వంటీనైనర్ (29er) లాంటి, మనిషి తీగకు వేలాడుతూ బయటికి నిలబడే ట్రపీజ్ పడవల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇరుకు నీటి మీద వాటిని దించడం నేల విడిచి సాము చేయడమే. మెర్లిన్ రాకెట్‌ను మాత్రం ఈ లెక్కలో కలపను. అది నదుల మీదా సముద్రం మీదా రెండు చోట్లా తన నంబరును నిలబెట్టుకోగల అరుదైన పడవ. అయితే దానిలో సర్దవలసిన తాళ్లే ఇరవై దాకా ఉంటాయి, కొత్తది కొనాలంటే జేబు గట్టిదై ఉండాలి, పైగా ఆ తరగతిలో తిరిగేవారంతా చేయి తిరిగినవారు. నంబరు సగటు ఫలితాలనుంచి పుడుతుంది కనుక, నేర్పరులే నడిపే పడవకు నంబరు కఠినంగా ఏర్పడుతుంది, కొత్తవారు ఎక్కువగా నడిపే పడవకు కాస్త మెతకగా ఉంటుంది. ఎక్కిన మొదటి ఏడే మెర్లిన్‌లో గెలవాలని ఆశపడేవారు ఈ మాట మరిచిపోకూడదు.

పిల్లల సంగతి క్లుప్తంగా. ఆప్టిమిస్ట్ చిన్నపిల్లలకు, టాపర్ పదీ పద్నాలుగేళ్ల మధ్యవారికి. పెద్దల పందెంలో వీరు వెనుకబడినట్టు కనిపించినా, చిరుగాలి ఆదివారాల్లో సవరించిన సమయం మీద పెద్దల గుండెల్లో రాయి వేసే పిల్లలు మా క్లబ్బులో ఉన్నారు. తల్లిదండ్రుల్లో ఒకరు పిల్లతో కలిసి నడపాలనుకుంటే ఎర్రచాపల మిర్రర్‌కు పాతకాలపు మర్యాద ఉంది, ఆర్ఎస్ ఫీవాకు కొత్తకాలపు దృఢత్వం ఉంది.

శీతాకాలంలో చాలా క్లబ్బులు పర్స్యూట్ పందెం పెడతాయి. లండన్ పశ్చిమాన క్వీన్ మేరీ జలాశయం మీద జనవరిలో జరిగే బ్లడీ మేరీ ఈ తరహాలో పేరున్నది. ఇందులో లెక్క ముందే కట్టేస్తారు. నెమ్మది పడవ ముందు బయలుదేరుతుంది, వేగమైనది ఆలస్యంగా బయలుదేరుతుంది, గంట మోగేసరికి ముందున్నదే గెలుస్తుంది. టాపర్‌తో మొదలయ్యే తొంభై నిమిషాల పందెం అనుకుంటే సోలో సుమారు 15 నిమిషాల తర్వాత, ఇల్కా 7 పదిహేడున్నర నిమిషాల తర్వాత, ఏరో 7 ఇరవై నిమిషాల తర్వాత, మెర్లిన్ 25 నిమిషాల తర్వాత బయలుదేరుతాయి. ఇక్కడ మొదట బయలుదేరినవారికి చెడని గాలి దొరుకుతుంది. ఆఖరున బయలుదేరినవారు వందల చాపలు చిందరవందర చేసిన గాలిలోనుంచి దారి చేసుకుంటూ పోవాలి. మామూలు పందెంలో బాధ మధ్యస్థ వేగపు పడవలది. అందరూ ఒకేసారి బయలుదేరినప్పుడు వేగమైన పెద్ద చాపలు వీరి మీదుగా దాటిపోతూ వీరి గాలిని దొంగిలిస్తాయి.

కొనే ముందు మీ క్లబ్బు గత రెండేళ్ల ఫలితాలను తీసి, మీ బరువుకు తగిన మూడు రకాల పడవల వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. గెలిచినవాడి పేరును పక్కన పెట్టి, ఆ రకం పడవల్లో నాలుగైదు స్థానాల్లో వచ్చినవారు ఏ గాలిలో ఎక్కడ నిలిచారో గమనించండి, మీరు ముందు నిలవబోయేది ఆ వరుసలోనే కదా. క్లబ్బులో ఏ రకానివి ఐదారు ఉన్నాయో దానివైపు మొగ్గడం మంచిది. తాడు తెగితే పక్కవాడు అరువిస్తాడు, మీ చాప ఎందుకు ముడతపడుతోందో చెప్పేవాడు ఉంటాడు, హ్యాండిక్యాప్ లెక్క మీకు అన్యాయం చేసిన రోజున కూడా అదే రకం పడవతో నేరుగా పోల్చుకుని మీ నడక మెరుగైందో లేదో తెలుసుకోవచ్చు. నా పెద్ద లేజర్ చాప ఇంకా గ్యారేజీ అటక మీదే చుట్ట చుట్టి ఉంది, 80 కిలోలు దాటిన తెలుగువారెవరైనా మా చెరువుకు వస్తే ఇచ్చేస్తాను.